సంగారెడ్డి అనే పేరు వెనక ఒక తల్లి, బిలాస్‌పూర్‌లో ఒక రచయిత్రి: భండారు అచ్చమాంబ కథ

చాలామంది మీరు ఈ వీడియో షిఫ్ట్ అయిపోయినంక చూస్తారు, కొందరు కంపెనీ బస్సులో చూస్తారు. అందుకే ఇవ్వాళ మీకు తెలిసిన రోడ్డు మీద నుంచే మొదలుపెడతా.

పటాన్‌చెరు నుంచి ముంబై హైవే పట్టుకుంటే ఇస్నాపూర్, రుద్రారం, కంది, ఆ తర్వాత సంగారెడ్డి చౌరస్తా. ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు ఆ రోడ్డు మీద? సంగారెడ్డి అంటే మనకు జిల్లా కేంద్రం, కలెక్టరేట్, బస్టాండు. కానీ సంగారెడ్డి ఒక మనిషి పేరు. నిజాంల కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన రాణి శంకరమ్మ కొడుకు పేరు అది అని చెబుతారు. ఆ శంకరమ్మకు "రాయబాగన్" అని బిరుదు ఉండేదని కూడా చెబుతారు. బాగన్ అంటే ఆడపులి. మెదక్ వైపు వెళ్తే పెద్ద శంకరంపేట, చిన్న శంకరంపేట అని ఊళ్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ వీడియో చూస్తున్నవాళ్లలో ఎంతమంది ఆమె పేరు ఇంతకుముందు విన్నారు? సంగారెడ్డి పేరు రోజుకు పదిసార్లు అంటాం. ఆధార్ కార్డులో రాస్తాం, పార్సిల్ అడ్రస్‌లో రాస్తాం. ఆ పేరు వెనక ఉన్న తల్లి గురించి మాత్రం "అని చెబుతారు" దాటి ముందుకు పోలేం. నేను కూడా ఇందాక రెండుసార్లు "చెబుతారు" అనే అన్నా, గమనించారా?

ఆడవాళ్ల చరిత్ర దగ్గర ఈ "అని చెబుతారు" చాలా ఎక్కువ. రాజుల గురించి అయితే శాసనం ఉంటది, ఆస్థాన కవి ఉంటడు, దాని మీద పుస్తకం రాసిన ప్రొఫెసర్ కూడా ఉంటడు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మ చెప్పిన మాట మిగులుతది. అమ్మమ్మ పోతే అది కూడా పోతది.

నూట ఇరవై ఏళ్ల కిందట తెలుగులో ఒక ఆమెకు ఇదే బాధ పట్టుకుంది. ఊరికే బాధపడి ఊరుకోకుండా కూర్చుని రాసింది. ఆమె పేరు భండారు అచ్చమాంబ. ఇవ్వాళ ఆమె గురించే.

పాశమైలారంలోనో బొల్లారంలోనో పని చేసేవాళ్లకు ఛత్తీస్‌గఢ్ కార్మికులు కొత్త కాదు. పక్క రూమ్ అబ్బాయిని "నీది ఏ ఊరు" అని అడిగితే "బిలాస్‌పూర్ సైడ్" అనే జవాబు వినే ఉంటారు. అచ్చమాంబ బతికింది, రాసింది, చివరికి చనిపోయింది ఆ బిలాస్‌పూర్ వైపే. ఇవ్వాళ అక్కడి నుంచి మన దిక్కు బతుకుతెరువు కోసం వస్తున్నారు. అప్పుడు మన దిక్కు నుంచి ఒక అమ్మాయి భర్త ఉద్యోగం వల్ల అక్కడికి పోయింది.

ఆమె పుట్టింది 1874లో, కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో. తిరుపతమ్మ తిరునాళ్లు జరిగే ఊరు అంటే చాలామందికి తెలుస్తది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. చిన్నప్పుడే పెళ్లి అయింది. భర్త భండారు మాధవరావు, సెంట్రల్ ప్రావిన్సెస్ అని అప్పట్లో పిలిచిన ప్రాంతంలో ఇంజనీరు. ఆమె బడికి పోలేదు. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాలు వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. "చదివితే విధవ అయితది", "చదివితే చెడిపోతది" అని నమ్మే రోజులు. అవి మాటవరసకు అనే మాటలు కావు, నిజంగానే నమ్మేవాళ్లు.

మరి ఆమె ఎట్లా చదువుకుంది? తమ్ముడి పుస్తకాలు పట్టుకుని. ఆ తమ్ముడు ఎవరో కాదు, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. గ్రూప్స్ ప్రిపేర్ అయ్యేవాళ్లు ఈ పేరు బట్టీ పట్టి ఉంటారు: విజ్ఞాన చంద్రికా మండలి, 1906, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ఆ లక్ష్మణరావు పై చదువులకు అక్క దగ్గరికే పోయాడు. అతను ఇంట్లో పుస్తకం తెరిస్తే పక్కన అక్క కూర్చునేది. అట్లా తెలుగు గట్టిపడింది, హిందీ వచ్చింది. ఆ తర్వాత మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, కొంత సంస్కృతం. బడి గడప తొక్కని మనిషికి ఇన్ని భాషలు!

ఈ భాషల సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. ఆమె చరిత్ర రాయగలిగిందంటే అసలు కారణం అదేనని నాకు అనిపిస్తది. చరిత్ర రాయాలంటే ఏం కావాలి? తిరగాలి, శాసనాలు చూడాలి, లైబ్రరీకి పోవాలి, నలుగురు పెద్దమనుషుల్ని అడగాలి. ఇంటి ఆడమనిషికి అప్పట్లో వీటిలో ఒక్కటి కూడా కుదరదు. ఇంట్లోకి రాగలిగింది పుస్తకం ఒక్కటే. ఆమె ఉన్న చోటు అందుకు కలిసొచ్చింది. ఒక పక్క హిందీ, ఇంకో పక్క నాగపూర్ వైపు మరాఠీ. మరాఠీలో అప్పటికే ఆడవాళ్లు గట్టిగా రాస్తున్నారు. తారాబాయి షిండే 1882లోనే స్త్రీ పురుషుల్ని పోల్చి, "తప్పులన్నీ ఆడవాళ్లవేనా?" అని నిలదీస్తూ పుస్తకం వేసింది. అమెరికా పోయి 1886లో డాక్టర్ అయి వచ్చిన ఆనందీబాయి జోషి, మరుసటి ఏడాదే చనిపోయింది. ఆమె జీవిత చరిత్రను కాశీబాయి కానిట్కర్ అనే ఇంకో ఆడమనిషి మరాఠీలో రాసింది. ఒక ఆడమనిషి బతుకును ఇంకో ఆడమనిషి రాసి పెట్టడం అనే పని అక్కడ మొదలైపోయింది. తెలుగులో అప్పటికి అట్లాంటిది లేదు.

తెలుగులో ఆడవాళ్ల కోసం రాసినవాళ్లు ఉన్నారు, కాదనను. కందుకూరి వీరేశలింగం 1883లోనే "సతీహితబోధిని" అని ఆడవాళ్ల కోసం పత్రిక పెట్టాడు. కానీ అది మగవాళ్లు ఆడవాళ్లకు చెప్పే పాఠం. అచ్చమాంబ చేసింది వేరే. ఆడవాళ్ల గురించి ఆడమనిషే వెతికి, ఏరి, వరసలో పెట్టి రాయడం.

ఆ పుస్తకం "అబలా సచ్చరిత్ర రత్నమాల". మొదటి భాగం 1901లో వచ్చింది. పేరు వినగానే మనకు కొంచెం దూరంగా అనిపిస్తది, తెలుసు. విడదీసి చూడండి. అబల అంటే బలం లేనిది. అప్పట్లో ఆడమనిషికి మామూలుగా వాడే మాటే అది. ఈమె పుస్తకం మొత్తం ఆ మాట తప్పని చూపించడానికే రాసింది, అట్ట మీద మాత్రం ఆ మాటే పెట్టింది. కావాలని పెట్టిందా, అప్పటి అలవాటు కొద్దీ పెట్టిందా? కావాలనే అని నా అనుమానం. లోపలికి పోతే రాజ్యం ఏలినవాళ్లు, కత్తి పట్టినవాళ్లు, శాస్త్రం చదివినవాళ్లు, కవిత్వం చెప్పినవాళ్లు కనిపిస్తారు. ఆ కథలు చదివి మళ్లీ అట్ట వైపు చూస్తే "అబల" అనే మాట నిలబడదు.

ఆమె ప్లాన్ చాలా పెద్దది. మూడు భాగాలు అనుకుంది. మొదటిది గత వెయ్యేళ్లలో చరిత్రలో నిజంగా ఉన్న భారతీయ స్త్రీలు. రెండోది వేదకాలం, పురాణాల స్త్రీలు. మూడోది ఇంగ్లండు, అమెరికా లాంటి విదేశాల స్త్రీలు. ఇక్కడ వరస చూడండి. నిజంగా బతికిన మనుషుల్ని ముందు పెట్టి, పురాణాల్ని తర్వాత పెట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఆదర్శం చెప్పాలంటే సీత, సావిత్రి, అనసూయ దగ్గర మొదలుపెట్టడం ఆచారం. వీళ్లను ఆమె కాదనలేదు, రెండో వరసకు జరిపింది. ఎందుకంటే ఆమె జవాబు చెప్పాల్సింది "ఆడవాళ్లకు తెలివి ఉండదు, స్వేచ్ఛ ఇస్తే చెడిపోతారు" అనేవాళ్లకు. వాళ్లకు సావిత్రి కథ చెబితే "అది పురాణం కదా" అంటారు. నిజంగా ఉన్న మనిషిని చూపిస్తే ఏమంటారు? ఆమె కోర్టులో వకీలు లాగా సాక్షుల్ని తెచ్చి నిలబెట్టింది. మొదటి భాగంలో అట్లాంటి సాక్షులు 34 మంది.

ఇది అంత తేలిక పని కాదు. ఒక్క ఉదాహరణ చెప్తా, మన తెలంగాణదే. రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడి కూతురు అని ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా తెలుసు. కానీ మార్కో పోలో తన రాతల్లో ఆమెను రాజుగారి విధవ భార్యగా రాశాడు. దాన్ని నమ్మి చాలాకాలం ఆమెను గణపతిదేవుడి భార్య అనే రాసుకున్నవాళ్లు ఉన్నారు. పైగా ఆమె తనను శాసనాల్లో "రుద్రదేవ మహారాజు" అని మగ పేరుతో రాయించుకుంది. ఆమె మరణం సంగతి చెప్పే నల్గొండ వైపు చందుపట్ల శాసనం ఉంది, 1289 నాటిది. ఓరుగల్లు కోట నుంచి రాజ్యం ఏలిన మనిషికే కూతురా భార్యా అనే గందరగోళం ఉంటే, మామూలు ఆడవాళ్ల సంగతి ఏంది? ఆ స్థితిలో బిలాస్‌పూర్ ఇంట్లో కూర్చుని, నాలుగైదు భాషల పుస్తకాలు ముందేసుకుని, ఇరవై ఏడేళ్ల వయసుకు 34 మంది జీవితాలు రాసి అచ్చు వేయించడం మామూలు విషయమా?

ఆ ఇల్లు కూడా సుఖంగా ఏం లేదు. పుట్టిన కొడుకు, కూతురు ఇద్దరూ పోయారు. ఆ తర్వాత అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచింది, చదువు చెప్పింది. దీన్ని ఎక్కువ సాగదీయను. సినిమా వాళ్ల చేతికి దొరికితే పుస్తకం వదిలేసి ఈ ఏడుపు సీన్ చుట్టూనే సినిమా తీస్తారు.

రాసి ఇంట్లో కూర్చోలేదు ఆమె. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి "బృందావన స్త్రీ సమాజం" పెట్టింది. ఆంధ్ర ప్రాంతంలో తొలి స్త్రీ సమాజాల్లో అది ఒకటి. ఊళ్లు తిరిగి, ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడింది. అదే ఏడాది ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య "హిందూసుందరి" అని ఆడవాళ్ల పత్రిక మొదలుపెట్టాడు. అందులో ఆమె కథలు, వ్యాసాలు వచ్చాయి.

1902 నవంబర్‌లో ఆ పత్రికలోనే వచ్చిన కథ "ధనత్రయోదశి". దీపావళి ముందు రోజులు, పేద ఇల్లు, పండక్కి చేతిలో పైసా లేదు. భర్త యజమాని డబ్బుకు ఆశపడతాడు. భార్య ఒప్పుకోదు, తిరిగి ఇచ్చేయమంటది. జీతం రాకముందే పండగ వచ్చిన ఎవరికైనా ఈ కథ అర్థమైతది, నూట ఇరవై ఏళ్ల పాతది అని కూడా అనిపించదు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. తెలుగులో తొలి కథ ఏది అని అడిగితే ఠక్కున ఏం చెప్తారు? గురజాడ "దిద్దుబాటు", 1910. పోటీ పరీక్షలో కూడా అదే ఆన్సర్ టిక్ చేస్తారు. "ధనత్రయోదశి" వచ్చింది 1902లో. దాదాపు ఎనిమిదేళ్లు ముందు. "అది ఆధునిక కథ లక్షణాలకు సరిపోదు", "అది గ్రాంథికం" అనే వాదనలు ఉన్నాయి. అవి వాదనలే, వినొచ్చు. భాష విషయంలో, కథ నడిపే తీరులో గురజాడ కథ వేరే మెట్టు మీద ఉందని నేను కూడా ఒప్పుకుంటా. కానీ వాదించాలంటే ముందు ఆ కథ ఒకటి ఉందని తెలియాలి కదా! చాలాకాలం పోటీలో ఆమె పేరే లేదు. మరిచిపోయిన ఆడవాళ్లను వెతికి రాసిన మనిషినే మనం మరిచిపోయినం.

తమ్ముడిని మాత్రం మరవలేదు. మరవకూడదు కూడా, ఆయన చేసిన పని అట్లాంటిది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టడంలో ఆయన చెయ్యి ఉంది. సుల్తాన్ బజార్‌లో ఆ లైబ్రరీ ఇప్పటికీ ఉంది. పటాన్‌చెరులో కోఠి బస్సు ఎక్కితే ఆదివారం చూసి రావచ్చు. అదే 1901లో అక్క పుస్తకం కూడా వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పుస్తకాలు చదివినవాళ్లు. ఒకరు బిట్ బ్యాంక్‌లోకి ఎక్కారు.

అచ్చమాంబ 1905 జనవరి 18న బిలాస్‌పూర్‌లో చనిపోయింది. అప్పుడు ఊళ్లో ప్లేగు. మనం కరోనా చూసినవాళ్లం కాబట్టి చెప్పక్కర్లేదు, సొంత మనుషులు కూడా దగ్గరికి రాని జబ్బు. రోగులకు సేవ చేస్తూ తనకూ జబ్బు అంటుకుని పోయిందని చెబుతారు. ముప్పై ఏళ్లు మాత్రమే. అనుకున్న మూడు భాగాల పని సగంలో ఆగిపోయింది.

మళ్లీ ఆమెను వెతికి తెచ్చింది ఎవరు? 1990ల మొదట్లో సూసీ తారు, కె. లలిత హైదరాబాద్ నుంచి భారతీయ స్త్రీల రచనల మీద ఇంగ్లీషులో రెండు పెద్ద సంపుటాలు తెచ్చారు. అందులో ఆమెకు చోటు దొరికింది. తర్వాత సంగిశెట్టి శ్రీనివాస్ పాత పత్రికలు గాలించి ఆమె కథల్ని పుస్తకంగా వేశారు. "భూమిక" కొండవీటి సత్యవతి ఆమె మీద రాశారు. పాత పత్రికల కట్టలు విప్పి, దుమ్ములో తేదీలు చూసుకుంటూ చేసే పని అది. దానికి లైకులు రావు.

ఇంతవరకు పొగిడినం. ఇప్పుడు ఆమెతో కొంచెం గొడవ పెట్టుకుందాం.

పేరులో "సచ్చరిత్ర" అనే మాట ఉంది కదా. సత్ చరిత్ర, అంటే మంచి నడవడి ఉన్నవాళ్ల చరిత్ర. అది ఒక గేటు లాంటిది. అందులో నుంచి అందరూ లోపలికి రాలేరు. ముద్దుపళని అని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న తెలుగు కవయిత్రి, "రాధికా సాంత్వనము" రాసింది. ఆమె వేశ్య, ఆమె రాతలు సిగ్గులేనివి అని వీరేశలింగం లాంటి సంస్కర్తే తీసిపారేశాడు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. గొప్ప కవయిత్రే, కానీ "సచ్చరిత్ర" అనే గేటు దగ్గర ఆమెను ఆపేస్తారు. ఇంకా ఆలోచిస్తే, పొలంలో నాట్లేసే ఆమె, రాళ్లు కొట్టే ఆమె, ఇవ్వాళ ఫార్మా కంపెనీ ప్యాకింగ్‌లో పన్నెండు గంటలు నిలబడే ఆమె ఎక్కడ? రాణి కాదు, పండితురాలు కాదు, ఎవరికీ ఆదర్శంగా చూపించాలని అనిపించని మనిషి. ఆమె పేరు కాంట్రాక్టర్ హాజరు రిజిస్టర్ దాటి బయటికి రాదు.

అచ్చమాంబను దీనికి తిట్టడం న్యాయం కాదు. ఆమె కొట్లాడింది "ఆడది చదివితే చెడిపోతది" అనేవాళ్లతో. వాళ్ల ముందు మచ్చలేని సాక్షుల్నే నిలబెట్టాలి, లేకపోతే కేసు ఓడిపోతది. గెలవడానికి ఆమె కట్టిన ధర అది. ఆ ధరలో కొందరి పేర్లు పోయాయి.

వాటిని తర్వాతివాళ్లు వెతికారు. 1986లో హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి టేప్ రికార్డర్ పట్టుకుని పోయి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే దింపారు. అందులో రాణులు లేరు. అన్నం వండి దళానికి మోసినవాళ్లు, పసిబిడ్డను వదిలేసి అడవికి పోయినవాళ్లు ఉన్నారు. అచ్చమాంబ పుస్తకాల్లో వెతికింది, వీళ్లు మనుషుల్ని అడిగారు. తర్వాత గోగు శ్యామల "నల్లపొద్దు"లో దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చింది.

మన జిల్లాలో జరిగింది ఇంకా వేరే. జహీరాబాద్ వైపు మాచ్‌నూర్‌లో 2008లో "సంఘం రేడియో" మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లే నడిపిన రేడియో. విత్తనాల గురించి, పాటల గురించి, పండగల గురించి వాళ్ల మాటలోనే. రేడియోకు ముందే అక్కడి ఆడవాళ్లు వీడియో కెమెరాలు పట్టుకున్నారు. వాళ్లలో చదువు రానివాళ్లు కూడా ఉన్నారు. అక్షరం రాకపోయినా రికార్డు చేయొచ్చని వాళ్లు చూపించారు. అచ్చమాంబకు అక్షరం కోసం తమ్ముడి పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ శంకరమ్మ దగ్గరికి పోదాం. పాపన్నపేట, శంకరంపేట వైపు వెళ్లి అడుగుదాం అనుకుంటున్నా. మీ ఇంట్లో ఆ దిక్కు నుంచి వచ్చిన అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఉంటే, శంకరమ్మ గురించి తనకు తెలిసింది ఒక వాయిస్ రికార్డు చేసి పంపండి. రెండు నిమిషాలైనా చాలు. ఒక్క సంగతి మాత్రం మరవొద్దు. కథ మొదలుపెట్టే ముందు ఆమె తన పేరు, తన ఊరు చెప్పేటట్టు చూడండి. "మా అమ్మమ్మ చెప్పింది" అని పంపితే ఆమె పేరు మళ్లీ పోతది.